నూరెంబర్గు కంసాలి కుమారుడు – ఆల్బ్రెహ్ట్ డ్యూరర్

కోడుమూరు మొదలుకొని ఎమ్మిగనూరు, ఆదోని వరకు మన సంఘస్థుల ఇండ్లలో చాలచోట్ల గోడమీద ఒక చిత్రము కనబడుతుంది. ప్రార్థనలో జోడించిన రెండు చేతులు. ముఖము లేదు, మనిషి లేడు. ముంజేతి వద్ద చొక్కా అంచు కొద్దిగా మడిచి ఉంటుంది, అంతే. క్యాలెండర్ల మీద, పెండ్లి శుభలేఖల మీద, ఆఖరికి సమాధి రాళ్ల మీద కూడ ఆ చేతులను అచ్చు వేయించుకొంటున్నాము. వాటిని గీసినవారెవరని అడిగితే చెప్పగలవారు కొద్దిమందే. చెప్పేవారు కూడ చాలవరకు ప్రసంగములలో విన్న ఒక కథ చెప్తారు. ఆ కథ నిజము కాదు. నిజమైన చరిత్ర దానికంటె గొప్పగా ఉన్నది గనుక ఈ సంచికలో దానిని వ్రాయదలచినాను.

ఆ చేతులను గీసినవారు జర్మనీ దేశపు నూరెంబర్గు పట్టణమువారైన ఆల్బ్రెహ్ట్ డ్యూరర్. ఆయన తండ్రి కంసాలి, తాత కంసాలి, తల్లి తండ్రి కంసాలి, తమ్ముడు కంసాలి. ఆయన కూడ మొదట పట్టినది కుంచెను కాదు, ఉలిని. కనుక ఆయన జీవితము చెప్పవలెనంటే జర్మను పట్టణముల వెండి పని, ఆ వెండి మీద వేసే పట్టణపు ముద్రల సంగతి కూడ చెప్పక తప్పదు. నూరేండ్ల పండుగ వచ్చిందంటే సంఘములలో పాత బీరువాలు తెరుస్తారు. ప్రభువు బల్ల గిన్నెలు, పళ్లెములు బయటికి తీసి చింతపండుతో తోముతారు, అడుగున ఉన్న చిన్న చిన్న గుర్తులను చూచి ఇవేమిటని పాస్టరుగారిని అడుగుతారు. అట్టి వారికి కూడ ఈ నాలుగు మాటలు పనికివస్తాయి.

డ్యూరర్‌గారి తండ్రి పేరు కూడ ఆల్బ్రెహ్టే. ఆయన జర్మనుడు కాడు. హంగరీ దేశములో జ్యూలా అనే ఊరి దగ్గర అయితోష్ అనే గ్రామపు వంశమువాడు. ఆ భాషలో అయితో అంటే తలుపు. జర్మను దేశమునకు వచ్చిన తరువాత తలుపు అని అర్థమిచ్చే జర్మను మాటనే ఇంటిపేరు చేసికొన్నారు. అదే పలుకుబడిలో డ్యూరర్ అయినది. పని నేర్చుకొంటూ దేశములు తిరిగి 1455లో నూరెంబర్గు చేరి, హీరోనిమస్ హోల్పర్ అనే కంసాలి దగ్గర చాలయేండ్లు పనిచేసి, 1467లో ఆయన కుమార్తె బార్బరాను పెండ్లాడినారు. అప్పుడు ఆమెకు పదిహేనేండ్లు, ఆయనకు నలుబది. వారికి పదునెనిమిదిమంది పిల్లలు పుట్టినారు. పెరిగి పెద్దవారైనది ముగ్గురే: మన ఆల్బ్రెహ్ట్, ఆయన తమ్ములు ఎండ్రెస్, హాన్స్. ఆ తల్లి ఎన్ని చిన్న పెట్టెలను సమాధికి సాగనంపినదో లెక్కవేసికోవచ్చును.

1471వ సంవత్సరము మే నెల 21వ తేదీన ఆల్బ్రెహ్ట్ పుట్టినారు. ఆయనకు బాప్తిస్మపు తండ్రిగా నిలిచినవారు అంటోన్ కోబర్గర్. ఈయన కూడ కంసాలి పని విడిచి అచ్చాఫీసు పెట్టి, జర్మనీలో పేరుమోసిన ముద్రాపకుడైనవాడు. వెండి మీద ముద్ర వేసే చేయి కాగితము మీద ముద్ర వేయుటకు మారిన కాలమది. ఇది గుర్తుపెట్టుకొంటే డ్యూరర్‌గారి తరువాతి జీవితమంతా సులభముగా బోధపడుతుంది.

తండ్రి మంచి పేరున్న పనివాడు. మూడవ ఫ్రెడరిక్ చక్రవర్తికి కూడ పని చేసి ఇచ్చినారు. మామతోపాటు పట్టణములో వెండి తూచి, బంగారము గీటు పెట్టి చూచే అధికారపు పని కూడ ఆయనకు అప్పగించబడినది. అంటే ఊరివారి సొమ్ము మంచిదో కాదో తేల్చి చెప్పే మనిషి. ఇంత పనిచేసినవాడి చేతి పనియని నిలిచి చెప్పదగిన వెండి పాత్ర నేడు ఒక్కటి కూడ కనబడుట లేదు. వెండికి ఉన్న దురదృష్టమే అది. యుద్ధము వచ్చినా, అప్పు వచ్చినా, నమూనా పాతబడినా దానిని కరిగించేస్తారు. మన ఇండ్లలో అవ్వల కడియములు, కాలి గొలుసులు ఏమైనవో మనకు తెలియదా?

ఇక్కడ కొంచెము ఆగి పట్టణపు ముద్ర అంటే ఏమిటో చెప్తాను.

ఆదోని బజారులో కంసాలి ఏమి చేస్తాడు? నల్లని గీటురాయి మీద నగను గీచి, పక్కన తెలిసిన మచ్చుతో గీచి, రెండు గీట్ల వన్నె పోల్చి చూస్తాడు. ఆ మాట నమ్మేది ఆ మనిషిని బట్టి. తాతల నాటి నుండి తెలిసిన అంగడియైతే నమ్ముతాము, క్రొత్తవాడైతే అనుమానిస్తాము. జర్మనీలో పట్టణములు ఈ నమ్మకమును ఒక మనిషి మీద విడువక పట్టణము మీద పెట్టినవి. పనివాడు పాత్ర చేసిన తరువాత దానిని పట్టణము నియమించిన పరీక్షకుని దగ్గరకు తీసికొనిపోవలెను. అతడు గీటురాయి మీద చూస్తాడు. అనుమానము తీరకుంటే పాత్ర అడుగున చిన్న ఉలితో వంకర టింకరగా ఒక గీత చెక్కి, రాలిన పొడిని పుటము పెట్టి తూస్తాడు. సరిపోతేనే పట్టణపు ముద్ర కొడతాడు. పనివాని సొంత ముద్ర దాని పక్కన ఉంటుంది. తక్కువ వన్నె అయితే పాత్రను విరుగగొట్టే అధికారము కూడ ఉండేది. పాత జర్మను వెండి గిన్నెను తిరగవేస్తే ఆ వంకర గీత ఇప్పటికిని కనబడుతుంది. తెలియనివారు దానిని గీరుకొనిపోయిందని పాలిషు పెట్టి చెరిపివేస్తారు. చెరపకూడదు. అది ఆ గిన్నె ఇచ్చిన సాక్ష్యము.

వన్నెను వారు లోట్ అనే కొలతతో చెప్పేవారు. శుద్ధ వెండి పదునారు లోట్లు. నూరెంబర్గువారు చాలకాలము పదునాలుగు లోట్ల వెండి వాడినారు. ఇప్పటి లెక్కలో వెయ్యికి 875. చాల పట్టణములలో పదమూడు, అంటే వెయ్యికి 812న్నర. కొన్నిచోట్ల పండ్రెండు, అంటే 750. కనుక పాత్ర మీద 13 అని అంకె ఉంటే అది సంవత్సరము కాదు, కొట్టు నంబరు కాదు, వన్నె.

పట్టణపు ముద్రలో సాధారణముగా ఆ పట్టణపు చిహ్నమో, పేరులోని మొదటి అక్షరమో ఉంటుంది. నూరెంబర్గుకు రోమను అక్షరము ఎన్. ఔగ్స్‌బర్గుకు దేవదారు కాయ. దీనిని ద్రాక్షగుత్తియని, అనాసపండని పొరబడేవారున్నారు. బెర్లినుకు ఎలుగుబంటి, మ్యూనిక్‌కు సన్న్యాసి, హాంబర్గుకు బురుజుల కోట, బ్రెమెనుకు తాళపుచెవి, రెగెన్స్‌బర్గుకు అడ్డముగా పెట్టిన రెండు తాళపుచెవులు, కొలోనుకు మూడు కిరీటములు, ల్యూబెక్‌కు రెండు తలల గద్ద. ఔగ్స్‌బర్గువారు 1735 నుండి దేవదారు కాయ క్రింద ఒక అక్షరము కూడ చేర్చి కాలము తెలిసేటట్లు చేసినారు. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమువారి బట్ట మీద సంఘపు ముద్ర చూచి కొనుట మనకు అలవాటే గదా. నేసిన మనిషి మనకు తెలియకపోయినా సంఘము జవాబు చెప్తుందని. అటువంటిదే ఇదియును.

వెండి గుర్తుపట్టదలచినవారు ఒక్క ముద్రతో తృప్తిపడకూడదు. పట్టణపు ముద్ర, పనివాని ముద్ర, పాత్ర ఆకారము మూడును ఒకే కాలమును చెప్పవలెను. గిన్నెకు మూత ఉంటే మూత మీద కూడ ముద్ర వెదకవలెను. వేరుగా తీయగల భాగములకు వేరువేరుగా కొట్టుట వాడుక. ఎన్ అక్షరపు ఆకారము, దాని చుట్టు ఉన్న గీత కాలముతోపాటు మారుతూ వచ్చినవి. నూరెంబర్గు పనివారిని, వారి ముద్రలను గూర్చి అక్కడి జాతీయ ప్రదర్శనశాలవారు 2007లో వెలువరించిన పెద్ద గ్రంథము 1541 నుండి 1868 వరకు గల కాలమునకు సంబంధించినది. అంతకు ముందు మార్క్ రోజెన్‌బర్గ్ అనే పండితుడు 1890లో మొదటిసారి అచ్చువేసిన ముద్రల గ్రంథమే అందరికి దారి చూపినది. 1888 నుండి జర్మను సామ్రాజ్యమంతటికి ఒకే ముద్ర వచ్చినది: నెలవంక, కిరీటము, పక్కన 800 వంటి అంకె. ఆ మూడు కనబడితే పాత పట్టణపు వెండి కాదని వెంటనే తెలిసికోవచ్చును.

మన బజారులో జర్మన్ సిల్వర్ అని అమ్మే పళ్లెములలో వెండి రవ్వంతయు లేదు. రాగి, తుత్తునాగము, నికెలు కలిపిన లోహమది. చీనావారి తెల్ల లోహమును చూచి జర్మనీ పనివారు 19వ శతాబ్దములో తయారుచేసినందున ఆ పేరు వచ్చినది. పాత గిన్నెల అడుగున ఇ.పి.ఎన్.ఎస్. అనే నాలుగక్షరములు కనబడితే అది ఆ లోహము మీద వెండి పూత. బళ్ళారి, గుత్తి కేంద్రములుగా లండను మిషనువారు, కర్నూలు కేంద్రముగా అమెరికన్ బాప్టిస్టు మిషనువారు, నంద్యాల వైపు ఎస్.పి.జి. వారు పనిచేసిన ప్రాంతము మనది. కనుక మన బీరువాలలో దొరికేవి ఎక్కువగా ఇంగ్లండు, అమెరికా దేశముల వస్తువులు కావచ్చును. నడచుచున్న సింహము ఉంటే ఇంగ్లీషు వెండి. స్టెర్లింగ్ అనే మాట అక్షరములలో ఉంటే చాలవరకు అమెరికాది. పూత గిన్నెయని తెలిసినంత మాత్రాన దాని విలువ సంఘమునకు తగ్గదు. మార్వాడీ అంగడిలోనే తగ్గుతుంది.

ఇక డ్యూరర్‌గారి సంగతికి వస్తాము.

బాలుని తండ్రి కొంతకాలము బడికి పంపి, చదువను వ్రాయను వచ్చిన తరువాత తన కుంపటి దగ్గర కూర్చోబెట్టుకొన్నారు. 1484లో, పదమూడేండ్ల వయసులో, ఆ పిల్లవాడు అద్దములో చూచుకొంటూ తన బొమ్మ తాను గీసికొన్నాడు. దేనితో గీసినాడనుకొన్నారు? పెన్సిలు కాదు. మొన తేల్చిన వెండి పుల్లతో. సున్నము వంటి పూత పూసిన కాగితము మీద వెండి మొనతో గీస్తే సన్నని బూడిద రంగు గీత పడుతుంది, కొన్నాళ్లకు కొద్దిగా గోధుమవన్నె తిరుగుతుంది. తప్పు పడితే చెరపుటకు వీలులేదు. అట్టి సాధనముతో పదమూడేండ్ల బాలుడు గీసిన ఆ బొమ్మ నేటికిని వియన్నా నగరములోని ఆల్బర్టీనా ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. తండ్రి వెండి పాత్రలు కరిగిపోయినవి, కొడుకు వెండి గీత మిగిలినది.

ఆ పనిలో చేయి తిరుగుతూ ఉండగానే కొడుకు తనకు చిత్రలేఖనము మీద మనసున్నదని తండ్రితో చెప్పుకొన్నాడు. తండ్రికి కష్టము కలిగినది. కంసాలి పనిలో పోయిన యేండ్లు వృథా అయినవని బాధపడినారు. మన ఇండ్లలోనైతే రెండు దెబ్బలు పడేవి. ఆయన మాత్రము ఒప్పుకొని 1486 నవంబరు 30న మీకాయేల్ వోల్గెముట్ అనే చిత్రకారుని దగ్గర మూడేండ్ల ఒప్పందముతో చేర్చినారు. ఆ తండ్రి మాట కొడుకు చివరివరకు కృతజ్ఞతతో తలంచుకొన్నారు. తండ్రి ఎంత కష్టజీవియో, ఎంత మితభాషియో, ఎంత దైవభక్తి గలవాడో తన కుటుంబ చరిత్రలో వ్రాసి పెట్టినారు. తండ్రి చిత్రములు కూడ వేసినారు.

1490లో ఊరు విడిచి నాలుగేండ్లు దేశములు తిరిగినారు. కోల్మార్‌లో మార్టిన్ షోన్‌గావర్ అనే గొప్ప చెక్కడపు పనివానిని చూడవలెనని 1492లో పోతే, ఆయన అంతకు ముందు సంవత్సరమే చనిపోయి ఉన్నారు. ఆయన తండ్రి కూడ కంసాలియే. అన్నదమ్ములు ఈ యువకుని ఆదరించి పంపినారు. 1494 జూలైలో ఇంటివారు కుదిర్చిన ఆగ్నెస్ ఫ్రైని పెండ్లాడినారు. వారికి పిల్లలు లేరు. ఆమె భర్త అచ్చువేసిన బొమ్మలను సంతలకు తీసికొనిపోయి అమ్మేది. డ్యూరర్‌గారి మిత్రుడొకరు ఆమెను గయ్యాళిగా వ్రాసిపెట్టినందున లోకమంతా అదే నమ్మినది. ఇంటి బండి లాగిన ఆడమనిషికి మంచి పేరు దక్కకపోవడము నూరెంబర్గులోనే కాదు, అంతటా ఉన్నదే.

రాగి రేకు మీద ఉలితో గీతలు చెక్కి, ఆ గీతలలో సిరా నింపి, తడి కాగితము పెట్టి అదిమితే బొమ్మ అచ్చుపడుతుంది. ఈ విద్య కంసాలుల దుకాణములో పుట్టినదే. వెండి పాత్రల మీద పువ్వులు, ఆకులు చెక్కే ఉలియే ఇక్కడను పని చేస్తుంది. తండ్రి దగ్గర గడిపిన కాలము వృథా కాలేదు! 1498లో యోహాను ప్రకటన గ్రంథమునకు చెక్క అచ్చులతో బొమ్మలు వేసి పుస్తకముగా వెలువరించినప్పుడు ఆయనకు ఇరువదియేడేండ్లు. ఐరోపా అంతటా పేరు మారుమ్రోగినది. ఆ బొమ్మలన్నిటిమీద ఒక గుర్తు ఉంటుంది. పెద్ద ఏ అక్షరము, దాని కాళ్ల నడుమ చిన్న డి అక్షరము. చూచినవారికి ఒక చిన్న వాకిలివలె కనబడుతుంది. వంశము పేరు తలుపు గదా! కంసాలి తన పాత్ర మీద కొట్టే ముద్రను ఆయన కాగితము మీదికి తెచ్చినారు.

పేరు వచ్చిన చోటికి దొంగ ముద్ర కూడ వస్తుంది. ఇటలీలో మార్కాంటోనియో రైమోండి అనే చెక్కడపు పనివాడు డ్యూరర్‌గారి మరియమ్మ చరిత్ర బొమ్మలను రాగి రేకు మీదికి ఎత్తి, ఆ గుర్తుతో సహా అమ్మినాడు. డ్యూరర్‌గారు వెనీసు ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసినారని, బొమ్మ చూచి వేసికోవచ్చును గాని ఆ గుర్తు వేయకూడదని తీర్పు వచ్చినదని వసారి అనే ఇటలీ రచయిత వ్రాసినారు. సొంత ఊరిలో జరిగినదానికి పట్టణపు రికార్డే ఉన్నది. 1512 జనవరిలో నూరెంబర్గు పురపాలక భవనము దగ్గర పరవూరివాడొకడు డ్యూరర్ గుర్తును దొంగగా వేసిన బొమ్మలు అమ్ముతూ ఉంటే, ఆ గుర్తులను తీసివేయవలెనని, లేకుంటే బొమ్మలన్నీ జప్తు చేయవలెనని సభవారు ఉత్తరువు చేసినారు. బొమ్మలను కాదు, గుర్తులను! వెండి మీద ముద్రను కాపాడిన ఊరు గనుకనే కాగితము మీద ముద్ర విలువ కూడ దానికి తెలిసినది. నూరెంబర్గులో 1349 తిరుగుబాటు తరువాత వృత్తి సంఘములకు అధికారమే లేదు; వెండి పని మొదలు రొట్టె తూకము వరకు సభవారే నేరుగా చూచుకొనేవారు.

వెండి విషయములో ఈ దొంగతనము చాలకాలము తరువాత మరొక రూపములో వచ్చినది. 19వ శతాబ్దపు చివర హానౌ పట్టణములోని కొన్ని కార్ఖానాలవారు పాతకాలపు నమూనాలలో గిన్నెలు, ఓడ బొమ్మలు చేసి, పాత పట్టణముల ముద్రలవలె కనబడే కల్పిత ముద్రలు కొట్టి అమ్మినారు. వెండి మంచిదే, పని మంచిదే. చెప్పే కాలము, ఊరు మాత్రము వేరు. అడుగున మూడు నాలుగు ముద్రలు ఒకే వరుసలో, ఒకే లోతులో, క్రొత్తగా మెరుస్తూ కనబడితే జాగ్రత్తపడవలెను. నిజమైన పాత ముద్రలు వేరువేరు చేతులు, వేరువేరు సమయములలో కొట్టినవి. ఒకటి వాలి ఉంటుంది, ఒకటి సగము అరిగి ఉంటుంది.

ఇప్పుడు ఆ చేతుల సంగతి.

ప్రసంగములలో చెప్పే కథ ఇది. పదునెనిమిదిమంది పిల్లలున్న పేద ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములకు చిత్రకళ నేర్చుకోవలెనని కోరిక. చీటి వేసికొన్నారు. ఒకడు చదువుకోను పోయినాడు, రెండవవాడు గనిలో కూలిచేసి డబ్బు పంపినాడు. చదువు ముగించి అన్న తిరిగివచ్చేసరికి తమ్ముని వ్రేళ్లు గనిపనిలో విరిగి వంకరపోయి, కుంచె పట్టుటకు పనికిరాలేదు. ఆ చేతులనే అన్న గీసినాడు. కథ వింటే కన్నీళ్లు వస్తాయి. చందా కూడ బాగా వస్తుంది. గాని ఆ తమ్ములు ఎవరు? ఎండ్రెస్ 1514లో నూరెంబర్గులో కంసాలిగా పట్టా పొందినారు. ఆ సంవత్సరమే అన్న ఆయన బొమ్మ కూడ గీసినారు. హాన్స్ చిత్రకారుడై పోలండు రాజు కొలువులో పనిచేసినారు. గనికి పోయినవాడెవడును లేడు. కథకు పట్టణపు ముద్ర లేదు, పనివాని ముద్ర కూడ లేదు. పైగా ఆ చిత్రములోని వ్రేళ్లను చూడండి. సన్నగా, నిడుపుగా, ఒక్కటియు విరగక ఉన్నవి.

జరిగినది ఇది. ఫ్రాంక్‌ఫర్టు నగరపు ధనికుడైన వర్తకుడు యాకోబు హెల్లర్ అక్కడి దొమినికను మఠపు దేవాలయమునకు ఒక పెద్ద బలిపీఠపు చిత్రము చేయించదలచి డ్యూరర్‌గారికి అప్పగించినారు. 1508లో దానికి అభ్యాసముగా తలలు, చేతులు, పాదములు, బట్ట మడతలు వేరువేరుగా గీసికొన్నారు. నీలిరంగు కాగితము మీద కుంచెతో, నల్ల సిరాతో నీడలు, తెల్లరంగుతో వెలుగులు వేసిన ఆ కాగితములలో ఒకటి ఈ చేతులు. పై చిత్రములో మోకరించిన ఒక అపొస్తలుని చేతులవి. కూలి దగ్గర పెద్ద తగవు వచ్చినది. ముందు ఒప్పుకొన్నది 130 ఫ్లోరిన్లు. రంగులు ఖరీదైనవి, పని ఏడాదికి పైగా పట్టినదని డ్యూరర్‌గారు ఉత్తరము మీద ఉత్తరము వ్రాసి కడకు 200 పుచ్చుకొన్నారు. కంసాలి కొడుకు తరుగు లెక్క విడువలేదు! 1509లో చిత్రమును పంపుతూ దానిని ఎట్లు తుడవవలెనో, ఎట్లు కాపాడవలెనో కూడ వ్రాసినారు. వందల యేండ్లు నిలువవలెనని ఆయన ఆశ.

నిలువలేదు. 17వ శతాబ్దపు మొదట బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ దానిని కొని మ్యూనిక్ తీసికొనిపోయినారు. 1729లో అక్కడి రాజభవనము అంటుకొన్నప్పుడు చిత్రము కాలిపోయినది. దానికి మరొకరు చేసిన నకలు ఫ్రాంక్‌ఫర్టులో ఉన్నది గనుక ఎట్లుండేదో తెలుస్తున్నది. 200 ఫ్లోరిన్ల చిత్రము బూడిద అయినది. అభ్యాసపు కాగితము, జానెడు వెడల్పు, జానెడున్నర పొడవు, ఆల్బర్టీనాలో నిలిచినది. కాగితము మీద ఆయన గుర్తు ఉన్నది. అదే మన గోడల మీదికి వచ్చినది.

ఆ తరువాతి యేండ్లలో ఆయన కీర్తి, ఇంటి దుఃఖము రెండును కలిసి వచ్చినవి. తండ్రి 1502లోనే పోయినారు. తల్లిని తన ఇంటికి తెచ్చుకొని పోషించినారు. 1514 మే నెలలో ఆమె చనిపోవుటకు రెండు నెలల ముందు బొగ్గుతో ఆమె ముఖమును గీసినారు. బుగ్గలు పీక్కుపోయి, కంటిగుంటలు లోతుకుపోయిన ముసలి తల్లి. అందముగా చేయుటకు ఒక్క గీత కూడ అబద్ధము వేయలేదు. ఆ సంవత్సరమే హీరోనిమస్ భక్తుని గది, మెలాంకొలియా అనే ప్రసిద్ధ రాగి చెక్కడములు వచ్చినవి.

మన దేశముతో ఆయనకు ఒక చిన్న సంబంధమున్నది. గుజరాతు సుల్తాను ముజఫర్ షా పోర్చుగీసువారికి ఒక ఖడ్గమృగమును కానుక ఇచ్చినారు. అది 1515 మే నెలలో లిస్బను రేవులో దిగినది. దాని వర్ణన, ముతక బొమ్మ నూరెంబర్గు చేరగా, మృగమును చూడకుండానే డ్యూరర్‌గారు చెక్క అచ్చు వేసినారు. చర్మమును కమ్మరి కొట్టిన కవచమువలె, మేకులతో సహా చూపించినారు. ఆ పాపపు జంతువు పోపుగారికి కానుకగా పోతూ 1516లో ఓడతోపాటు మునిగిపోయినది. తప్పుల బొమ్మయే రెండు మూడు శతాబ్దములు ఐరోపా పుస్తకములలో తిరిగినది.

1515 నుండి మాక్సిమిలియన్ చక్రవర్తి ఆయనకు ఏటేట 100 ఫ్లోరిన్లు ఇప్పించినారు. 1519లో చక్రవర్తి చనిపోగానే నూరెంబర్గు సభవారు చెల్లింపు ఆపినారు. క్రొత్త చక్రవర్తి ఐదవ చార్లెసు చేత దానిని స్థిరపరచుకొనుటకు 1520లో భార్యతో కూడ నెదర్లాండ్సు ప్రయాణము చేసినారు. దారి పొడవున పెట్టిన ఖర్చు, అమ్మిన బొమ్మలు, తిన్న భోజనము, జూదములో పోయిన కాసులు కూడ డైరీలో వ్రాసికొన్నారు. ఆ ప్రయాణములో బ్రస్సెల్సు నగరములో ఆయన చూచినదొకటి నా మనసుకు బాగా తగిలినది. మెక్సికో దేశమునుండి స్పెయిను రాజుకు వచ్చిన సొమ్ములను అక్కడ ప్రదర్శనకు పెట్టినారు. నిలువెడు వెడల్పు గల బంగారు సూర్యబింబము, అంతే వెడల్పు గల వెండి చంద్రబింబము. ఆ దేశస్థులను అనాగరికులని ఐరోపావారు పిలుచుచున్న రోజులవి. డ్యూరర్‌గారు మాత్రము ఆ పనివారి సూక్ష్మబుద్ధికి ఆశ్చర్యపడి, జన్మలో ఇంత హృదయమునకు ఆనందమిచ్చిన వస్తువులు చూడలేదనే భావము వ్రాసికొన్నారు. తండ్రి గీటురాయి దగ్గర పెరిగినవాడు గనుక పనిని పనిగా చూడగలిగినారు. చేసినవాని దేశము, చర్మము చూడలేదు. ఆ సూర్యుడు, ఆ చంద్రుడు రెండును నేడు లేవు.

ఆ రోజులలోనే లూథరుగారి సంఘసంస్కరణము దేశమును కదిలించుచున్నది. 1521లో లూథరుగారిని ఎవరో పట్టుకొనిపోయినారని విని, చనిపోయినారేమోయని డ్యూరర్‌గారు డైరీలో పొడవైన విలాపము వ్రాసినారు. నిజానికి స్నేహితులే ఆయనను దాచినారు. 1525లో నూరెంబర్గు పట్టణము సంస్కరణమును అంగీకరించినది. కొందరు విగ్రహములతోపాటు చిత్రములను కూడ పగులగొట్టవలెనన్నారు. జీవితమంతా దేవాలయములకు చిత్రములు వేసినవాని పరిస్థితి ఆలోచించండి. ఆయన ఎవరితోను వాదము పెట్టుకొనలేదు. 1526లో రెండు నిలువు పలకల మీద యోహాను, పేతురు, మార్కు, పౌలుల నిండు రూపములు వేసి, ఏ దేవాలయమునకును కాక పట్టణపు సభకే కానుకగా ఇచ్చినారు. సభవారు మర్యాదగా 100 ఫ్లోరిన్లు ప్రతిగా ఇచ్చినారు. పలకల అడుగున నాయ్‌డోర్ఫర్ అనే అక్షరములు వ్రాసే పండితుని చేత లూథరుగారి జర్మను అనువాదములోని వాక్యములు వ్రాయించినారు. అబద్ధ బోధకులను గూర్చి పాలకులు జాగ్రత్తగా ఉండవలెననే హెచ్చరిక వాక్యములవి. ఆ నలుగురి పత్రికలు, సువార్తలలోనివే.

నెదర్లాండ్సులో తగిలిన జ్వరము ఆయనను మరల విడువలేదు. కొలతల శాస్త్రము మీద 1525లో, కోటల కట్టడము మీద 1527లో గ్రంథములు వెలువరించినారు. మానవ శరీరపు పరిమాణములను గూర్చిన గ్రంథము అచ్చులో ఉండగానే 1528 ఏప్రిల్ 6న, యేబదియేడు నిండకుండ చనిపోయినారు. సెయింట్ జాన్ సమాధుల తోటలో పాతిపెట్టినారు. పిల్లలు లేని ఆగ్నెస్ 1539 వరకు జీవించినది. భర్త సంపాదించినది ఆరువేల ఎనిమిది వందల ఫ్లోరిన్లకు పైబడి ఉన్నది. ఆ పట్టణములో అది పెద్ద ఆస్తి. ఆయన గీసిన పానపాత్రల నమూనాలు తరువాతి కంసాలుల చేతులలో తిరిగినవి. 1534లో వెంజెల్ యామ్నిట్జర్ అనే యువకుడు నూరెంబర్గులో కంసాలి పట్టా పొందినారు. నూరెంబర్గు వెండి అంటే నేడు ప్రపంచ ప్రదర్శనశాలలలో మొదట చెప్పే పేరు ఆయనదే. ఎన్ ముద్రకు రాజుల దగ్గర విలువ తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు.

ఆ నలుగురి పలకల సంగతి మిగిలినది. నూరేండ్ల తరువాత, 1627లో, బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ వాటిని కోరినారు. హెల్లర్ చిత్రమును తీసికొనిపోయినది కూడ ఆయనే. ముప్పదియేండ్ల యుద్ధము జరుగుచున్న రోజులు. కాదనుటకు నూరెంబర్గువారికి ధైర్యము చాలలేదు. అడుగున ఉన్న లూథరుగారి అనువాదపు వాక్యములను చూచి కతోలిక ప్రభువు వద్దంటాడని, పలకలు తిప్పి పంపుతాడని వారికి లోలోపల ఆశ. ఆయన పలకలు ఉంచుకొన్నారు. వాక్యములున్న భాగమును మాత్రము రంపముతో కోయించి నూరెంబర్గుకు తిప్పి పంపినారు. చిత్రములు మ్యూనిక్‌లో, అక్షరములు నూరెంబర్గులో, రెండు వందల తొంబదియైదేండ్లు వేరువేరుగా ఉన్నవి. 1922లో ఆ కోసిన పలకలను మ్యూనిక్ తెచ్చి మరల చిత్రముల క్రింద అతికించినారు. అతుకు గీత దగ్గరగా చూస్తే కనబడుతుంది.